గోష్ఠిగానం

పాఠ్యభాగ ఉద్దేశం : భక్తి సంగీతాన్ని పలువురు కలిసి అభ్యసించే పద్ధతిని, ఆ అభ్యాసం వలన మన పదసాహిత్యానికి కలిగే రక్షణను తెలియజేయడం.

మదీనాగూడ మీదుగా సాగే జాతీయ రహదారిపై వాహనాల రొదకు విరామం లేదు. అక్కడికి కొద్ది దూరాన, హైటెక్ సిటీ ప్రాంతంలో, అన్నమయ్యపురం ఉంది. శోభారాజు 1983లో స్థాపించిన అన్నమాచార్య భావనా వాహినికి అది నెలవు. ఆ రొద నడుమనే అక్కడ అన్నమయ్య సంకీర్తనలు నేర్పుతారు. వినోదానికి సాధనాలెన్నో ఉన్న ఈ కాలంలో పదిమంది ఒకచోట కూర్చుండి పాట నేర్వవలసిన అవసరమేమి? ఈ ప్రశ్నకు సమాధానం మన సాహిత్య చరిత్రలోనే లభిస్తుంది.

తాళ్లపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. ఆయన 32 వేల సంకీర్తనలు రచించారని ప్రసిద్ధి. నేడు లభించినవి సుమారు 12 వేలు మాత్రమే. వాటిని నిలిపినవి తిరుమల సంకీర్తన భాండాగారంలోని రాగిరేకులు. అయితే రేకులపై రాగం పేరు ఉన్నదే గాని స్వరం లేదు. రాగి చెడలేదు, పాడే గొంతులు కరవై బాణీలు మాత్రం చాలావరకు లుప్తమయ్యాయి. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వంటి విద్వాంసులు కొన్ని సంకీర్తనలకు స్వరకల్పన చేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును ఆరంభించింది. లోహం అక్షరాన్ని కాపాడగలదు. నాదాన్ని కాపాడేది కంఠమే.

కంఠం నుండి కంఠానికి పాట అందాలంటే గురువు ఎదుట కూర్చుండాలి. పూర్వం గురుకులవాసం ఏండ్ల తరబడి సాగేది. ఉద్యోగాలలో, చదువులలో మునిగిన నేటివారికి అది సాధ్యం కాదు. కొద్ది దినాలు ఒకేచోట వసించి నేర్చుకొనే శిక్షణ శిబిరం ఆ లోటును కొంత తీర్చగలదు. అందు మొదటి పాఠం శ్రుతి. స్త్రీల గొంతుకు అనువైన శ్రుతి పురుషులకు తగదు; ఇరువురికీ కుదిరే శ్రుతిని నిర్ణయించడమే గురువుకు తొలి పరీక్ష. రెండవది పదచ్ఛేదం. మాట నడుమ ఊపిరి తీస్తే అర్థం చెడుతుంది. మూడవది, అన్నిటికంటె కష్టమైనది, వినడం. మధుర కంఠం గలవాడు సైతం తన గొంతు విడిగా వినిపించకుండ అణచుకోవాలి. పక్కవాని పాట వినక పాడేవాడు గోష్ఠికి పనికిరాడు.

ఈ విద్య ఒక్క మతానికి పరిమితం కాదు. పాశ్చాత్య దేవాలయ గానంలో వేర్వేరు స్థాయిల గొంతులు వేర్వేరు స్వరాలు పలుకుతూ ఏకకాలంలో సమన్వయం పొందుతాయి. మన గోష్ఠిలో అందరిదీ ఒకే స్వరం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు క్రైస్తవ కీర్తనలను మన రాగతాళాలలోనే రచించారు. వాటిని నిలిపినవీ సంఘంగా పాడిన గొంతులే.

2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో లక్షకు పైగా జనం ఏకకంఠంతో అన్నమయ్య సంకీర్తనలు పాడారు. చూపరులకు అది ఒక్క సాయంకాలపు వేడుక. దాని వెనుక ఊరూరా చిన్న చిన్న బృందాలు చేసిన సాధన ఉంది. ఒక్కరికి మాత్రమే వచ్చిన పాట వారితోనే పోతుంది. పదిమందికి వచ్చిన పాట తరం దాటుతుంది.

ప్రశ్నలు
1. రాగిరేకులు భద్రంగా ఉన్నా బాణీలు లుప్తం కావడానికి కారణమేమి?
2. గోష్ఠిగానంలో ‘వినడం’ ఎందుకు కష్టతరమో వివరించండి.
3. మీ ప్రాంతంలో పలువురు కలిసి పాడే ఒక పాటను గూర్చి, దానిని నేర్పినవారిని గూర్చి రాయండి.