వద్దంటే వదిలెయ్యి

చి.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లల మీద అఘాయిత్యం గురించి ఆ టీవీ వార్త చూసిన దగ్గర్నుంచీ నిత్యను కింద ఆడుకోవడానికి కూడా పంపడం లేదన్నావు. వ్యాన్ డ్రైవర్ని మార్చాలా, వాచ్‌మన్‌ని ఎంతవరకు నమ్మాలి, ఇంకో నాలుగు సీసీ కెమెరాలు పెట్టిద్దామా అని మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే చర్చ అట. పెట్టించండి, వద్దనను. కాకపోతే ఆ కెమెరాలు గేటుకేసి చూస్తుంటాయి. పిల్లలకు హాని చేసేవాడు చాలాసార్లు ఆ గేటులోంచే దర్జాగా, మనం "రండి రండి" అంటుంటే లోపలికొచ్చి కూర్చుని మన చేతి కాఫీ తాగేవాడే అయి ఉంటాడు.

ఇది నా అనుమానం కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లల్నే కూర్చోబెట్టి అడిగించి 2007లో నివేదిక ఇచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. వందలో 53 మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు తమకు జరిగిందన్నారు. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, వాళ్ళ బాగు చూడాల్సిన స్థానంలో ఉన్నవాళ్ళు. పిల్లల్లో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదన్నదే నన్ను ఎక్కువగా కుదిపింది.

కోప్పడకపోతే ఒకటంటాను. సంక్రాంతికి నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు మీ మామగారి స్నేహితుడు ఒకాయన వచ్చారు గుర్తుందా? "తాతయ్యకు ఒక ముద్దు పెట్టవే" అని నిత్యను నువ్వే ముందుకు తోశావు. అది నీ కొంగు వెనక్కి దూరింది. బలవంతాన లాగి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి, "సిగ్గండీ దీనికి, ఎవరి దగ్గరికీ రాదు" అని సర్దిచెప్పావు. ఆయన బంగారంలాంటి మనిషే, నాకూ తెలుసు. కానీ పెద్దవాళ్ళు ముచ్చటపడితే నా ఒంటి మీద నా మాట చెల్లదు, అమ్మే పట్టుకుని అప్పగిస్తుంది అని ఆ ఆరేళ్ళ బుర్రకు ఎక్కి ఉంటుంది. రేపు ఎవడో అలాగే లాక్కుంటే ఏ ధైర్యంతో కాదంటుంది? అమ్మ ఎదురుగా కాదనలేకపోయింది కదా.

అందుకే మొట్టమొదట చెప్పేది ఇదీ. వద్దంటే వదిలెయ్యి. ముద్దులూ కౌగిలింతలూ పిల్లల ఇష్టం. ఇంటికొచ్చినవాళ్ళకు దణ్ణం పెట్టి పేరు చెబితే మర్యాద సరిపోతుంది. ఎవరైనా నొచ్చుకుంటే, "మా ఇంట్లో ఇంతేనండీ" అని నవ్వుతూ నువ్వే అడ్డుపడు. ఆ అడ్డుపడటం పిల్ల చూడాలి. నువ్వూ, అల్లుడుగారూ కూడా అంతే. చక్కిలిగింతలు పెడుతున్నప్పుడు అది "చాలు" అంటే ఆ క్షణాన చెయ్యి తియ్యాలి. పెద్దవాళ్ళ మాట వినమని మనం పొద్దస్తమానం చెబుతాం. హాని చేసేవాడికి కావలసిందీ అలా మాట వినే పిల్లే. ఎవరి మాటైనా సరే, ఎక్కడ వినక్కర్లేదో కూడా మనమే చెప్పాలి. చెడ్డీ, బనియన్ కప్పే చోట్లు ఎవరూ ముట్టుకోకూడదు, చూడకూడదు, ఫోటో తియ్యకూడదు, వాళ్ళవి ముట్టుకోమని అడగకూడదు. స్నానం చేయించే అమ్మా నాన్నా, అమ్మ పక్కనుండగా డాక్టరూ తప్ప. ఈ మాట స్నానాల గదిలో, బట్టలు తొడిగేటప్పుడు, పళ్ళు తోముకోమన్నంత మామూలుగా చెప్పు. ఆ చోట్లకు పేర్లు కూడా చెప్పు. పేరు తెలియని దాని గురించి పిల్లలు ఫిర్యాదు చెయ్యలేరు.

పిల్లలకు హాని చేసేవాళ్ళు ఒక్కసారిగా మీద పడిపోతారనుకోకు. ఓపిక ఎక్కువ వాళ్ళకి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళను మంచి చేసుకుంటారు. ట్యూషన్ ఫీజు తగ్గిస్తారు, మీరు ఊరెళ్ళాల్సొస్తే "పిల్లల్ని నేను చూసుకుంటాలెండి" అంటారు. తర్వాత పిల్లకో చాక్లెట్, ఒక అరగంట ఫోను. "అమ్మకు చెప్పకేం, తిడుతుంది" అని చిన్న రహస్యం ఒకటి. అది ఇంటికి చేరలేదని తేలాక ఇంకొంచెం పెద్దది. కాబట్టి ఏ పెద్దమనిషైనా పిల్లతో "ఎవరికీ చెప్పకు" అంటే, అది ఐస్‌క్రీమ్ గురించే అయినా సరే, వెంటనే వచ్చి చెప్పడం అలవాటు చెయ్యి. అది చెప్పినప్పుడు ఐస్‌క్రీమ్ తిన్నందుకు మాత్రం తిట్టకు. ఇంట్లో కూడా "నాన్నకు చెప్పకేం" అని నువ్వు కొనిపెట్టేవి మానెయ్యి.

నీ కొడుకు చైతన్య గురించి నువ్వొక్క ముక్క అడగలేదు. పదకొండేళ్ళవాడు, మగపిల్లాడు, వాడికేం అనుకున్నావేమో. నేను చెప్పిన ఆ సర్వేలో బాధితుల్లో సగానికి పైగా మగపిల్లలే. మా బళ్ళో ఏడో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. వారంలో కొన్ని రోజులు మధ్యాహ్నం దాటితే కడుపునొప్పి అనేవాడు, మిగతా రోజులు ఒళ్ళు తెలీకుండా ఆడేవాడు. ఆ నొప్పి రోజులన్నీ ట్యూషన్ రోజులేనని మా డ్రిల్లు మాస్టారికి తట్టింది. పిలిచి నిలదియ్యలేదాయన. ఫుట్‌బాల్‌కు గాలి కొడుతూ పంపు పట్టుకోమని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటి రోజు వాడు ట్యూషన్ మేడమెట్ల గురించీ, అక్కడి కుక్క గురించీ మాట్లాడాడు. తర్వాత ఇంకోరోజు బంతి కుట్లు గోటితో గీరుతూ, తలెత్తకుండా, మొత్తం చెప్పేశాడు. తండ్రి నమ్మలేదు. "మగపిల్లాడికేమవుతుందండీ, ఎగ్గొట్టడానికి నాటకాలు" అన్నాడు. బడి పెద్ద అయితే బడి పేరు బయటికొస్తుందని మా అందరి నోళ్ళూ మూయించాలని చూశాడు. డ్రిల్లు మాస్టారు ఎవర్నీ అడక్కుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఇంకెవరి మీదా లేదు.

పిల్లలు చెప్పదలుచుకుంటే ఇలా ఏదో పని చేస్తూ, పక్క చూపులు చూస్తూ, సగం సగం చెబుతారు. చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడూ, బండి మీద నీ వెనక కూర్చున్నప్పుడూ. ఆ సమయాలు ఫోన్‌కి ఇచ్చెయ్యకు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా, ఒకరింటికే వెళ్ళనని మొరాయించినా, వయసుకు మించిన మాటలు ఆటల్లో దొర్లినా చెవి ఒగ్గి ఉండు. అదే రుజువని అనుకోవద్దు, పిల్లలకు వంద బెంగలుంటాయి. అడగడానికి మాత్రం అది చాలు.

ఫోను సంగతి అల్లుడుగారికి నాకంటే బాగా తెలుసు. చైతన్య ఆడే ఆటలో చాటింగ్ ఉంటుంది. అవతల పన్నెండేళ్ళ కుర్రాణ్ణని చెప్పుకునేవాడు నలభై ఏళ్ళవాడు కావచ్చు. కొన్నాళ్ళు స్నేహం చేసి ఒక ఫోటో అడుగుతాడు, అది చేతికొచ్చాక అందరికీ పంపిస్తానని బెదిరిస్తాడు. ఆ బెదిరింపు మన పిల్లల మీద పనిచేసేది, ఇంట్లో తెలిస్తే చంపేస్తారన్న భయం వల్లే. "నువ్వు ఎంత తెలివితక్కువ పని చేసినా సరే, బెదిరించినవాడి సంగతి నేను చూసుకుంటాను" అని వాడికి ఇప్పుడే, ఏమీ జరగకముందే చెప్పమను తండ్రిని. అలాంటిదేమైనా వస్తే మెసేజీలు చెరిపెయ్యకండి, డబ్బు పంపకండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగముంది. టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ ఉంది. ఫోటోను ఎవరికీ పంపనక్కర్లేకుండా దాని గుర్తు మాత్రం తీసుకుని, అందులో చేరిన సైట్లలో అది పాకకుండా ఆపుతుంది. పిల్లల అశ్లీల దృశ్యాలు ఫోన్లో దాచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. ఏ గ్రూపులోనైనా అలాంటిది వస్తే "చూడండి ఎంత ఘోరమో" అని కూడా ముందుకు పంపకూడదు.

నీ దాకా రాకూడదనే కోరుకుంటాను. అయినా రాస్తాను. పిల్ల వచ్చి ఏదైనా చెప్పిందనుకో, నీ మొహమే ముందు చూస్తుంది. ఏడుపూ శాపనార్థాలూ తర్వాత. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు, నేను నమ్ముతున్నాను" ఇంతే అను. ఎవరు, ఎక్కడ, ఎలా అని గుచ్చిగుచ్చి అడక్కు. సమాధానం నువ్వే అందించకు. అది అన్న మాటలు అన్నట్టే కాగితం మీద రాసి తేదీ వెయ్యి. పిన్నికీ, అత్తకీ వరసపెట్టి మళ్ళీ చెప్పించకు. ఆ రోజే జరిగిందైతే స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళు. కేసు నమోదు కాకపోయినా పరీక్ష చెయ్యాల్సిందే. ఆడపిల్లను ఆడ డాక్టరే, నువ్వు పక్కన ఉండగానే చూడాలి. సర్కారు ఆస్పత్రైనా ప్రైవేటైనా డబ్బు తీసుకోకుండా వెంటనే వైద్యం చెయ్యాలి.

స్టేషన్ అంటే మనవాళ్ళకు గుండె జారుతుంది. పిల్లల మీద లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టాన్ని ఆ భయం కనిపెట్టే రాశారనిపిస్తుంది. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. కోర్టులో నిందితుడు ఎదురుపడకూడదు. పేరు, ఇల్లు, బడి ఏదీ పేపర్లో రాకూడదు. మగపిల్లలకూ ఇదే చట్టం. బట్టల మీంచి తాకితే ఈ చట్టం కింద లైంగిక దాడి కాదని నాగ్‌పూర్‌లో బొంబాయి హైకోర్టు ఒకసారి అంటే, 2021 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, చేసినవాడి ఉద్దేశమే ముఖ్యమంది. తెలిసీ పోలీసులకు చెప్పనివాళ్ళకు కూడా శిక్ష ఉంది. "మన పిల్లే కదా, లోపల్లోపల సర్దుకుందాం" అనే పెద్దమనుషులకు, బళ్ళ యాజమాన్యాలకు ఆ సంగతి నువ్వే గుర్తుచెయ్యి. ఇవన్నీ ప్రతిచోటా అలాగే జరుగుతాయని నేననను, అడిగి జరిపించుకోవాలి. మీ హైదరాబాదులో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది, పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసలహా అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. దిక్కు తోచకపోతే 1098, లేదా అత్యవసర నంబరు 112.

నిత్యను రేపట్నుంచి కిందికి పంపు. నలుగురు పిల్లల్లో ఆడుకునే పిల్లను ఒంటరిగా దొరకబుచ్చుకోవడం కష్టం. వచ్చే నెల మన శీను పెళ్ళికి ఎలాగూ వస్తారు. పెళ్ళివారింట్లో పిల్లలందరికీ మేడ మీద వరసగా పరుపులేసి, ఎవరు ఎవరి పక్కన పడుకున్నారో చూడకుండా దీపాలార్పేసే పద్ధతి మనింట్లో ఎప్పట్నుంచో ఉంది. ఈసారి ఆ గదిలో మంచం వేసుకుని నేను పడుకుంటానని మీ అమ్మకు చెప్పేశాను, చాదస్తం అంటే అననీ. అల్లుడుగారికి ఈ ఉత్తరం నువ్వు చదివి వినిపించకు, చేతికిచ్చి చదవమను. ముఖ్యంగా చైతన్య గురించి రాసిన చోటు.

ఇట్లు,
పెద్దమ్మ