తలపులో పుట్టు త్రాగుడు

చేతికి గ్లాసు రాకముందే త్రాగువాని మనసులో గ్లాసు నిండుచున్నది. ఈ పాఠమున మనము గ్రహింపవలసిన ముఖ్య విషయము ఇదియే.

చీమకుర్తి గ్రానైటు క్వారీలో పగలంతయు రాతిదుమ్ము నడుమ పనిచేసిన కార్మికుని ఉదాహరణముగా తీసికొందము. సాయంకాలము కూలి చేతికి వచ్చినది. గొంతు ఎండియున్నది. ‘ఒక చుక్క పడిన బాగుండును’ అను తలపు పిలువకయే వచ్చును. ఇంతవరకు అతని తప్పు లేదు. అలవాటైన వేళ, తోడివాడు, అలసట, దిగులు - వీనిలో ఏదైనను ఆ తలపును లేపగలదు. తరువాత జరుగునది గమనింపుడు. సీసా మూత తీసిన చప్పుడు, వాసన, నాలుకపై మంట, గొంతు దిగిన వేడి - వీనిని ఒక్కొక్కటిగా అతడు మనసున చిత్రించుకొనును. ఆ చిత్రము క్షణకాలము హాయి గొలుపును. వెంటనే, లేనిదాని లోటు మరింత బాధించును. ఆ బాధ తీరుటకై మరల చిత్రమునే చూచును. ఇట్లు చూచుచుండగనే కాళ్లు దుకాణము వైపు నడచును.

2005లో డేవిడ్ కవానా, జాకీ ఆండ్రేడ్, జాన్ మే అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ క్రమమునే సిద్ధాంతముగా వివరించిరి. తలపు దానంతట అది వచ్చును. దానిని ఊహాచిత్రముగా పెంచువారము మనము. కోరికకు బలమిచ్చునది ఈ పెంపకమే. అయితే చిత్రము నిలుచుటకు మనసులో చోటు కావలెను. ఆ చోటు పరిమితము. కన్నులకును చేతులకును వేరు పని ఒప్పగించినచో చిత్రము మసకబారును. చాక్లెట్టుపై కోరిక గలవారిచే బంకమట్టి బొమ్మలు చేయించినపుడును, ఆహార పానీయాదులపై కోరిక గలవారిచే ‘టెట్రిస్’ అను ముక్కలు పేర్చు ఆట ఆడించినపుడును కోరిక తగ్గినట్లు ప్రయోగములలో తేలినది.

‘తలంపకుము’ అని మనసును గద్దించుట మాత్రము చాలదు. మందు త్రాగునపుడు కోతిని తలచుకొనవద్దన్న వైద్యుని సామెత మనకు తెలిసినదే కదా!

చిత్రము చెరుపు చేయుటయే కాదు, మేలును చేయగలదు. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా పాఠములో తమ ఇంటి కథనే చూచుకొనిరి. 1992లో సారా దుకాణమును మూయించుటకు పూనుకొనిరి. ఆ ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినది. చట్టము వీధిలోని దుకాణమును మూయగలదు, తిరిగి తెరువనూగలదు. మనసులోని దుకాణమును మూయవలసినవాడు మానవుడే.

ఇందుకు మన సంప్రదాయమున సాధనము లేకపోలేదు. కరస్థలమున ఇష్టలింగమును నిలిపి దృష్టిని లగ్నము చేయునపుడు కన్ను, చేయి, మనసు మూడును ఒకే పనిలో నిలుచును. కాయకము చేతులను ఊరక ఉండనీయదు. పండ్రెండవ శతాబ్దపు శరణులలో కల్లు అమ్ము వృత్తికి చెందిన హెండద మారయ్యయు ఉండుట మనము మరువరాదు. శరణ మార్గము ఎవరికిని మూయబడలేదు.

అయితే పూజ వైద్యమునకు బదులు కాదు. ఏండ్ల తరబడి నిత్యము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. అట్టివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను.

ఇంటివారికొక మాట. కోరిక లేచు వేళ ఏదో కనిపెట్టుడు. ఆ వేళ తిట్టవద్దు. త్రాగుడును గూర్చి వాదమాడవద్దు, అది చిత్రమును మరల లేపును. చేతికి పని ఇండు: పెరటిలో పాదు త్రవ్వుట, బిడ్డకు పలకపై బొమ్మ గీసి చూపుట. కోరిక అలవంటిది, లేచును, విరుగును. విరుగువరకు ప్రక్కన ఒకరుండిన చాలును.

మననమునకు:
1. తలపు వచ్చుటకును, దానిని పెంచుటకును భేదమేమి?
2. మీ ఇంట ఆ వేళ ఏది? ఆ వేళకు ఏ పని సిద్ధముగా ఉన్నది?