కింది అంతస్తు భద్రత: వాహనాలు నిలిపే చోట అమర్చవలసినవి, కాపాడుకోవలసినవి

ముంబయిలోని అనేక భవనాలకు కింది అంతస్తు అంటే గోడలు లేని స్తంభాల వరుస. కార్లు, స్కూటర్లు నిలిచేది అక్కడే. విద్యుత్ మీటర్ల గది, నీటి పంపు, లిఫ్టు తలుపు, మెట్ల మొదలు అన్నీ అక్కడే. చాలాచోట్ల కాపలాదారు కుటుంబం వండుకొని తిని పడుకొనేది కూడా అక్కడే. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుండి ఈ నగరానికి వచ్చిన మనవారిలో కొందరికి అది బండి పెట్టుకొనే స్థలం, కొందరికి ఇల్లు. ఈ రెండు వర్గాలవారూ చదవగలరన్న ఆశతో ఈ పాఠం వ్రాయబడినది.

2023 అక్టోబరు 6వ తేదీ తెల్లవారుజామున గోరేగావ్ పశ్చిమంలో ఒక పునరావాస భవనపు కింది అంతస్తులో మంటలు లేచాయి. దుకాణాలు, పాతసామాను, నిలిపి ఉన్న వాహనాలు అంటుకున్నాయి. పైఅంతస్తులలో నిద్రిస్తున్నవారు పొగలో చిక్కుకున్నారు. కనీసం ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. మంట కిందనే ఉన్నా మనుషులు పైన ఎందుకు మరణిస్తారన్న ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఈ పాఠంలో సగం తెలిసినట్లే. వేడిపొగ ఎప్పుడూ పైకే పోతుంది. మెట్ల గది దానికి పొగగొట్టం వంటిది. కింది తలుపు తెరిచి ఉంటే ఇల్లు ఎంత ఎత్తున ఉన్నా పొగ అక్కడికి చేరుతుంది.

ఇక ఒక్కొక్క పరికరాన్ని చూద్దాం. అన్నిటికంటె చిన్నదిగా కనిపించే దానితో మొదలుపెడతాను.

కారు చక్రానికి అడ్డుగా నేలపై బిగించే రబ్బరు దిమ్మను ఇక్కడ అందరూ స్టాపర్ అనే అంటారు. నేను అనువాదకుడిని కనుక మొదట ‘చక్రనిరోధకం’ అని వ్రాశాను. మా భవనపు కాపలాదారు దానిని చదివి, ‘‘ఇదేం మందు సార్?’’ అని అడిగాడు. అప్పటి నుండి స్టాపర్ అనే వ్రాస్తున్నాను. వెనుకకు వచ్చే కారు గోడకు, గ్యాసు గొట్టానికి, మీటర్ల గది తలుపునకు తగలకుండా ఆపడం దాని పని. కాని దానిని ఎక్కడ బిగించాలన్న విషయంలోనే పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. చాలామంది గోడకు ఒక అడుగు దూరంలో బిగిస్తారు. చక్రం స్టాపర్‌ను తాకేలోగానే కారు వెనుక భాగం గోడను తాకుతుంది. స్టాపర్ ఉండీ లేనట్లే.

సరైన పద్ధతి ఇది. ఆ గడిలో నిలిచే కార్లలో పొడవైన దానిని ఎంచుకోండి. చక్రపు వెనుక అంచు నుండి బంపరు చివరి వరకు టేపుతో కొలవండి. ఆ కొలతకు కనీసం 30 సెంటీమీటర్లు కలపండి. గోడ నుండి అంత దూరంలో నేలపై సుద్దముక్కతో గీత గీయండి. ముందుకు నడిపి నిలిపే గడి అయితే కొలత ముందు చక్రం నుండి ముందు బంపరుకు తీసుకోవాలి. ఈ రెండు కొలతలు ఒకటి కావు. గీతపై రెండు ఇటుకలు పెట్టి ఒకసారి కారును నడిపించి చూసిన తరువాతనే రంధ్రాలు వేయించండి. నేలకు రంధ్రం పడ్డాక మేస్త్రీ మళ్ళీ రాడు.

ఆరడుగుల పొడవు గల ఒకే స్టాపర్ కంటె చక్రానికి ఒకటి చొప్పున రెండు చిన్న ముక్కలు మేలని నా అభిప్రాయం. మధ్య ఖాళీ నుండి కడిగిన నీరు పోతుంది, చీపురు పోతుంది, మనిషి కాలికీ తగలదు. ఎత్తు 4 అంగుళాలు చాలు. అంతకు మించితే కిందికి వంగిన బంపర్లు గీసుకుపోతాయి. మనుషులు నడిచే దారికి అడ్డంగా మాత్రం ఎన్నడూ బిగించరాదు. కరెంటు పోయిన రాత్రి దానిపై తట్టుకొని పడే ముసలివారికి అది చేసే హాని, అది గోడకు చేసే మేలు కంటె ఎక్కువ.

బిగించే పని హ్యామర్ డ్రిల్లుతో జరుగుతుంది. రంధ్రంలోని సిమెంటు పొడిని పంపుతో ఊది పూర్తిగా తీసివేయాలి. ఈ పనిని మేస్త్రీలు తరచుగా వదిలివేస్తారు. పొడి మిగిలితే యాంకర్ బోల్టు పట్టు చిక్కించుకోదు, ఆరు నెలలలో ఊగడం మొదలుపెడుతుంది. బోల్టు తల రబ్బరులోకి దిగి ఉండాలి, పైకి పొడుచుకొని ఉండకూడదు. పరిచిన సిమెంటు దిమ్మల నేలపై బోల్టు నిలవదు. దిమ్మలు తీసి కింద కాంక్రీటు పోసి అందులో బిగించాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. మీరు కారు నిలిపే నేల మరొక కింది పార్కింగుకు పైకప్పు అయితే, అందులో నీరు కారకుండా వేసిన పొర ఒకటి ఉంటుంది. డ్రిల్లు ఆ పొరను చీల్చితే జూన్ వానలకు కింది కార్లపై సున్నపునీరు కారుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. అటువంటి నేలకు రంధ్రం వేయకండి. భవనపు ఇంజనీరును అడిగి, జిగురుతో అతికే రకాన్ని వాడండి.

స్తంభాల అంచులకు పసుపు, నలుపు చారల రబ్బరు పట్టీలు బిగించడం తేలిక. పట్టీ బంపరు ఎత్తును, కారు తలుపు అంచు తాకే ఎత్తును రెండింటినీ కప్పాలి. అంతకు మించి చెప్పవలసినది లేదు.

మలుపు వద్ద పెట్టే కుంభాకార దర్పణం గురించి మాత్రం కొంత చెప్పాలి. పదవ తరగతిలో చదివినదే: ఆ అద్దం ఎక్కువ వెడల్పును చూపుతుంది, కాని ప్రతిబింబాన్ని చిన్నది చేస్తుంది. చిన్నదిగా కనిపించిన బండి దూరంగా ఉన్నట్లు అనిపిస్తుంది. అది నిజానికి దగ్గరగా ఉంటుంది. కనుక అద్దం చూసి వేగం తగ్గించాలే గాని, అద్దంలో ఖాళీ కనిపించిందని వేగం పెంచరాదు. అద్దాన్ని కొద్దిగా కిందికి వంచి, డ్రైవరు సీటులో ఒకరు కూర్చుని ‘‘ఇంకొంచెం ఎడమకు’’ అని చెబుతుండగా బిగించాలి. మా భవనంలో అలా చేయలేదు. నిచ్చెనపై ఉన్నవాడికి సరిగా కనిపించినట్లు బిగించి వెళ్ళారు. ఎదురుగా ట్యూబులైటు ఉండడంతో రాత్రంతా అద్దంలో తెల్లని మెరుపు తప్ప మరేమీ కనిపించేది కాదు. ఒక పాలవాడి సైకిలు పడిన తరువాతనే ఎవరో గమనించారు. ఆ ‘ఎవరో’లో నేను లేను. రోజూ ఆ దారినే పోతూ నేనూ చూడలేదు. అద్దాన్ని తడిగుడ్డతో, కొద్దిపాటి సబ్బునీటితో తుడవాలి. కిరోసిను, పెట్రోలు తగిలితే ప్లాస్టిక్ ముఖం మసకబారుతుంది.

వేగనిరోధకాన్ని, అంటే స్పీడ్ బ్రేకర్‌ను, సిమెంటు గట్టులా సొంతంగా పోసుకొనేవారు ఉన్నారు. భారతీయ రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం రోడ్లకు సూచించిన గుండ్రని మూపురం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గలది. అంటే అది మెల్లగా లేచి మెల్లగా దిగేది. అరడుగు ఎత్తున నిట్టనిలువుగా పోసిన గట్టు వేగాన్ని తగ్గించదు, వెనుక సీటులోని గర్భిణి నడుము విరుస్తుంది. పార్కింగులో తక్కువ ఎత్తు గల రబ్బరు ముక్కలు చాలు. ర్యాంపు మధ్యలో వేయకండి. వానలో వాలుపై ద్విచక్రవాహనం దాని మీద జారుతుంది.

ఇవన్నీ డ్రైవరుకు కనిపించే వస్తువులను కాపాడేవి. కనిపించని వారి మాట చెప్పాలి. 2023 వేసవిలో హైదరాబాదు శివారున ఒక భవనపు పార్కింగులో నీడకు నిద్రపుచ్చిన వలసకూలీ కుటుంబపు పసిబిడ్డ కారు చక్రాల కింద నలిగి మరణించింది. ఆ తల్లి దగ్గరలోనే కూలిపని చేస్తున్నది. ఎండాకాలం మధ్యాహ్నం చల్లగా ఉండే నేల కింది అంతస్తుదే. బిడ్డను అక్కడ కాక ఎక్కడ పడుకోబెడుతుంది? కనుక ‘పిల్లలను ఇక్కడ పడుకోబెట్టరాదు’ అని బోర్డు వ్రాసి చేతులు దులుపుకోవడం సరికాదు. కాపలాదారు గది ముందు, పనివారు కూర్చునే మూల ముందు, బండి ఎక్కలేనట్లు ఇనుపగొట్టాల అడ్డుకట్ట కట్టించాలి. గొట్టాలు నేలలో కాంక్రీటు దిమ్మలో దిగి ఉండాలి, వాటికి మెరిసే పట్టీలు అతికించాలి. రెండు గడుల స్థలం పోతుందని సభ్యులు అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పనివ్వండి. ఇక కారు నడిపేవారు తాళం తిప్పే ముందు కారు చుట్టూ ఒకసారి నడిచి చూడాలి. వెనుక కెమెరా ఉన్నవారు కూడా చూడాలి. చక్రం పక్కన పడుకున్న బిడ్డ కెమెరాకు కనిపించకపోవచ్చు.

అగ్నిమాపక సిలిండర్ల సంగతికి వస్తే, పార్కింగులో సాధారణంగా ఉండేది ఏబీసీ పొడి రకం. కట్టె, గుడ్డ, పెట్రోలు, గ్యాసు మంటలకు అది పనికివస్తుంది. మీటర్ల గది వద్ద కార్బన్ డయాక్సైడు రకం కూడా ఉండాలి. పొడి సిలిండరుకు చిన్న గడియారం వంటి మీటరు ఉంటుంది. ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉంటే ఒత్తిడి సరిగా ఉన్నట్లు. ఎరుపులో ఉంటే అది గోడకు వ్రేలాడే ఇనుము మాత్రమే. కార్బన్ డయాక్సైడు సిలిండరుకు ముల్లు ఉండదు. దానిని తూచాలి. వాయువు బరువులో పదోవంతుకు మించి తగ్గితే తిరిగి నింపించాలి. వాడేటప్పుడు దాని గరాటును ఒట్టి చేతితో పట్టుకోకండి. చలికి చర్మం కాలినట్లు అవుతుంది.

పొడి సిలిండరుకు మూడేళ్ళకు ఒకసారి, కార్బన్ డయాక్సైడు సిలిండరుకు ఐదేళ్ళకు ఒకసారి ఒత్తిడి పరీక్ష జరగాలి. మెడలోని చీటీపై తేదీలు ఉంటాయి. నేను ఒక సంవత్సరం పాటు ఆ చీటీని మాత్రమే చూసి తృప్తి పడ్డాను. దానిపై సంతకం ఉంది, తేదీ ఉంది. ఒకనాడు ముల్లు వైపు చూస్తే అది ఎరుపులో ఉంది. చీటీ మార్చినవారు సిలిండరును ముట్టుకోలేదు. కనుక చీటీతో పాటు ముల్లును చూడండి, పిన్నుకు వేసిన ముద్రను చూడండి, గొట్టం పగిలిందేమో చూడండి. సిలిండరు నిచ్చెన అవసరం లేకుండా చేతికి అందాలి, ముందు స్కూటరు అడ్డుండరాదు. వాడే విధానం నాలుగు మాటలు: పిన్ను లాగండి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టండి, పిడి నొక్కండి, అటూ ఇటూ ఊపండి. చిన్న సిలిండరు కొన్ని క్షణాలలోనే ఖాళీ అవుతుంది. మంట మీ ఎత్తుకు మించితే సిలిండరు వదిలి బయటకు రండి.

మీటర్ల గది ముందు బండ్లు, అట్టపెట్టెలు, పాత పరుపులు ఉంచరాదు. విద్యుత్ స్కూటర్లను పైఅంతస్తు నుండి వేలాడదీసిన ఎక్స్‌టెన్షన్ తీగతో ఛార్జి చేసే అలవాటు పెరుగుతున్నది. దానికి ప్రత్యేకమైన లైను, తగిన బ్రేకరు ఉండాలి. సొసైటీని అడిగి వేయించుకోండి.

మెట్ల గదికి ఉండే అగ్నిద్వారం తనంతట తాను మూసుకోవాలి. గాలి కోసం దానికి ఇటుక అడ్డు పెడితే పొగకు దారి ఇచ్చినట్లే. మెట్ల కింద చెప్పుల స్టాండు, సైకిలు, గ్యాసు సిలిండరు ఉంచకండి. అత్యవసర దీపాలను నెలకు ఒకసారి ఆ లైను ఆపి పరీక్షించండి. బ్యాటరీ చచ్చిన దీపం కరెంటు ఉన్నంతసేపూ చక్కగానే వెలుగుతుంది. 24 మీటర్లకు మించిన భవనాలలో ఉండే ‘రెఫ్యూజ్’ స్థలానికి ‘ఆశ్రయస్థలం’ అని అనువదిస్తే అనాథాశ్రమంలా ఉంది. తలదాచుకొనే చోటు అనుకోండి. పేరు ఏదైనా దానిని పెళ్ళివిందుల సామాను గదిగా మార్చరాదు.

ఈ పరికరాల బాధ్యత ఎవరిది? మహారాష్ట్ర అగ్ని నివారణ, ప్రాణరక్షణ చర్యల చట్టం, 2006 ప్రకారం భవనపు యజమానిది లేదా అందులో ఉండేవారిది. లైసెన్సు పొందిన ఏజెన్సీ చేత తనిఖీ చేయించి, పరికరాలు పనిచేసే స్థితిలో ఉన్నాయని ‘ఫారం బి’ ధ్రువపత్రాన్ని ప్రతి సంవత్సరం జనవరిలో, జులైలో అగ్నిమాపక విభాగానికి సమర్పించాలి. సభ్యులైతే సర్వసభ్య సమావేశంలో దాని నకలు అడగండి. అద్దెకు ఉన్నవారికి ఓటు ఉండకపోవచ్చు. అయినా కార్యదర్శికి కాగితంపై వ్రాసి, అందినట్లు సంతకం తీసుకోవచ్చు. మరాఠీ రాకపోతే హిందీలో వ్రాయండి. అదీ రాకపోతే బడికి వెళ్ళే పిల్లల చేత వ్రాయించండి.

మంట కనిపిస్తే 101కు గాని 112కు గాని ఫోను చేయాలి. మన కాపలాదారులలో కొందరికి నంబరు తెలుసు, చిరునామా చెప్పడం రాదు. భవనం పేరు, వీధి, దగ్గరలోని గుడి లేదా స్టేషను, ఎన్నవ అంతస్తు అన్న నాలుగు సంగతులను మరాఠీలో గాని హిందీలో గాని తెలుగు లిపిలో వ్రాసి ఫోను పక్కన అంటించండి. వారి భార్యలకు కూడా కంఠస్థం చేయించండి. ఫోను చేసిన వెంటనే ఒకరు గేటు రెండు రెక్కలూ పూర్తిగా తెరిచి, దారిలో నిలిపిన బండ్లు తీయించి, మలుపు వద్ద నిలబడి అగ్నిమాపక వాహనానికి చేయి ఊపాలి.