డ్యూటీ దిగాక పదిహేను నిమిషాలు

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో సాయంత్రమంతా ఉరుకులు పరుగులే. వంట, హోంవర్కు, రేపటి యూనిఫాం ఇస్త్రీ. ఇన్నింటి మధ్య కథల పుస్తకం ఎక్కడ కుదురుతుందిలే అని వదిలేసేవాళ్లే ఎక్కువ. ట్యూషన్‌లో మార్కులు రావచ్చు గానీ, చదవడం మీద ఇష్టం పుట్టాలంటే అమ్మో నాన్నో పక్కన కూర్చుని, కథ ఏమవుతుందోనన్న ఆత్రంతో కలిసి చదవాలి. అందుకు రోజుకు పదిహేను నిమిషాలు చాలు.

పనికి ముడిపెట్టండి

‘రోజూ ఎనిమిదింటికి చదవాలి’ అనుకుంటే బస్సు ఆలస్యమైన రోజు అది తప్పిపోతుంది. ‘అన్నం తిని కంచాలు తీశాక’ అనుకుంటే, ఎప్పుడు తిన్నా ఆ వెంటనే పుస్తకం తెరవొచ్చు. నైట్ షిఫ్టు వాళ్లకు పొద్దున స్కూల్ ఆటో వచ్చేలోపు దొరికే కాసేపు పనికొస్తుంది. ఊళ్లు తిరిగే డ్రైవర్లు, గల్ఫ్‌లో ఉన్న తండ్రులు కథ చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపవచ్చు. అదే పుస్తకం పిల్లల దగ్గరుంటే, వరుస వెంట వేలు జరుపుకుంటూ వింటారు. ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం ఆ కాసేపు ఫోన్‌ను పక్క గదిలో పెట్టాలి.

ఒత్తు దగ్గర ఆగితే

గుణింతాలన్నీ వచ్చిన పిల్లలు కూడా తెలుగులో ఒత్తుల దగ్గర తడబడతారు. రెండో తరగతి బాబు ‘పుస్తకం’ అన్న మాటను ‘పుసకం’ అని చదివి ఆగాడనుకోండి. ‘ఒత్తు కనిపించట్లేదా? నిన్ననేగా చెప్పాను!’ అన్నామంటే, ఇక ప్రతి మాటకూ వాడు పేజీ మానేసి మన ముఖం చూస్తాడు. అలా కాకుండా మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. చాలాసార్లు తనే దిద్దుకుంటాడు. లేకపోతే ‘స’ కింద ఉన్న తావత్తు మీద వేలు పెట్టి, మామూలు గొంతుతో ‘పుస్తకం’ అని చెప్పండి. వాడు ఆ మాట తిరిగి అని ముందుకెళ్తాడు, కథ తెగదు. కూడబలుక్కుని చదివిన వాక్యాన్ని మీరొకసారి సాఫీగా చదివి వినిపించి, మళ్లీ వాడిచేత చదివించండి. అర్థం మారని చిన్న తప్పులుంటే వదిలేయండి.

ఒకే పేజీలో ఐదారు మాటల దగ్గర ఆగిపోతుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టమన్నమాట. అది మీరే చదివి వినిపించండి. చదివిన కథే మళ్లీ కావాలంటే విసుక్కోకండి. తెలిసిన కథలోనే పిల్లలకు వేగం, ధైర్యం వస్తాయి. కథ అయిపోగానే ‘నీతి ఏమిటి?’ అని అడిగితే అది పరీక్షలా ఉంటుంది. ‘నువ్వైతే ఏం చేసేవాడివి?’ అని అడిగి చూడండి.

పుస్తకాలు ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. దగ్గర్లోని ప్రభుత్వ గ్రంథాలయం ఆ డబ్బుతో నడిచేదే. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్లి సభ్యత్వం తీసుకోండి. కొనాలంటే సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. ఎక్కడికెళ్లినా పుస్తకం ఎంచుకునే పని పిల్లలకే వదలండి.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగు చదివిస్తే వెనకబడతారన్న భయం అక్కర్లేదు. కథ పట్టుకోవడం, తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం ఒక భాషలో అలవాటైతే రెండో భాషకూ పనికొస్తాయి.

మాకే చదువు రాదంటే?

అయినా చేయగలిగింది చాలా ఉంది. బొమ్మలు చూస్తూ మీరే కథ అల్లి చెప్పండి. పాప చదువుతుంటే ‘ఆ తర్వాత ఏమైంది?’ అని అడగండి. కిరాణా కొట్టు చీటీ, బస్సు బోర్డు తనచేతే చదివించండి. తాను చదివింది ఇంటికి అక్కరకొచ్చిందని తెలిస్తే పిల్లలకు ఎంత గర్వమో!

ఎప్పుడు ఆలోచించాలి?

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్న లక్ష్యంతో కేంద్రం 2021లో నిపుణ్ భారత్ ప్రారంభించింది. ఆ వయసుకి చిన్న వాక్యాలు కూడా కష్టంగా ఉంటే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. టీచరుతో మాట్లాడండి. డిస్లెక్సియా కావచ్చనిపిస్తే పిల్లల డాక్టరునో సైకాలజిస్టునో కలవండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన ఇబ్బందులను కూడా గుర్తించింది. దాన్ని బద్ధకమని తిట్టడం, కొట్టడం అన్యాయం.

పిల్లలు సొంతంగా చదవడం మొదలెట్టగానే చాలామంది ఈ అలవాటు ఆపేస్తారు. దయచేసి ఆపకండి. తాము చదవగలిగే వాటికంటే పెద్ద కథలు పిల్లలు వింటే అర్థం చేసుకోగలరు. ఐదో తరగతి పిల్లలకు నవల ఒకటి తీసుకుని రోజుకో అధ్యాయం చదివి వినిపించండి. రేపటిదాకా ఆగలేని పిల్లలు తర్వాతి అధ్యాయం తామే చదివేస్తారు.