మానుకోట నుంచి ప్రొడక్షన్ రిలీజ్

హైదరాబాద్ కంపెనీకి జనగామలోనో, మహబూబాబాద్ (మానుకోట)లోనో, భూపాలపల్లిలోనో ఇంటి నుంచి పనిచేసే ఇంజనీర్లకు అన్నిటికన్నా గుబులు పుట్టించేది రాత్రిపూట రిలీజ్. కోడు రాసేటప్పుడు నెట్ కాసేపు పోయినా నష్టం లేదు. రిలీజ్ మధ్యలో పోతే మాత్రం సగం సర్వీసులు కొత్త వెర్షన్‌కు మారి, మిగతావి పాతదాంట్లోనే ఉండిపోతాయి. జనగామ, మానుకోట వాళ్లు రైలెక్కి ఆఫీసుకు పోగలరేమో, భూపాలపల్లి వాళ్లకు ఆ రైలు కూడా లేదు. ఇలాంటప్పుడు నెట్‌ను తిట్టుకుంటాం గానీ తప్పు పద్ధతిది. ప్రొడక్షన్‌కు పోయే దారి అసలు మన ల్యాప్‌టాప్ మీదుగా ఎందుకు పోవాలి?

ఆ అవసరం లేకుండా చేసే పద్ధతికి 2017లో వీవ్‌వర్క్స్ కంపెనీ గిట్‌ఆప్స్ అని పేరు పెట్టింది. ఆ కంపెనీ 2024లో మూతపడినా, అందులో పుట్టిన ఫ్లక్స్ అనే సాధనం నడుస్తూనే ఉంది. ఇంట్యూట్‌లో తయారై 2018లో బయటికొచ్చిన ఆర్గో సీడీ ఇదే పని చేసే మరో సాధనం. మొదట ఆర్గో సీడీ నేర్చుకోండని నా సలహా. ఏం జరుగుతోందో తెర మీద కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు త్వరగా పట్టుబడుతుంది.

పని జరిగే తీరు చూడండి. కోడు మెర్జ్ కాగానే సీఐ సర్వర్ ఇమేజ్ తయారుచేసి రిజిస్ట్రీలో పెడుతుంది. ఏ ఇమేజ్ నడవాలి, ఎన్ని కాపీలు నడవాలి, ఒక్కోదానికి ఎంత మెమరీ ఇవ్వాలి అన్నది యామల్ ఫైళ్లలో రాసి వేరే గిట్ రిపోలో ఉంచుతాం. యాప్ నడిచే కుబర్నెటిస్ క్లస్టర్ లోపలున్న ఆర్గో సీడీ మామూలు సెట్టింగుల్లో సుమారు మూడు నిమిషాలకోసారి ఆ రిపోను చూస్తుంది. ఆటో సింక్ పెట్టి ఉంటే, రిపోలో మార్పు కనబడగానే నడుస్తున్నదాన్ని తానే దానికి తగ్గట్టు సరిచేస్తుంది. 2018లో తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు రాకముందు మన బోర్ల దగ్గర ఆటోస్టార్టర్లు ఉండేవి. కరెంటు ఎప్పుడొచ్చినా మోటారు దానంతటదే నడిచేది, రైతు అర్ధరాత్రి లేచి పోవాల్సిన పని ఉండేది కాదు. ఇదీ ఆ తీరే.

ఇందులో ఇంటి నుంచి మీరు పంపేది ఒక చిన్న కమిట్ మాత్రమే. వందల ఎంబీల ఇమేజ్ రిజిస్ట్రీ నుంచి నేరుగా క్లస్టర్‌కు పోతుంది. కమిట్ చేరాక మీ హాట్‌స్పాట్ ఆగిపోయినా రిలీజ్ ఆగదు. అందుకే మీ ల్యాప్‌టాప్‌లో ఇమేజ్ బిల్డ్ చేసి రిజిస్ట్రీకి పుష్ చేసే అలవాటుంటే మానేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇమేజ్ ట్యాగుల దగ్గర. యామల్‌లో ‘లేటెస్ట్’ అని రాసి, అదే ట్యాగుతో కొత్త ఇమేజ్ పుష్ చేస్తే ఏమీ జరగదు. ఫైల్‌లో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి ఆర్గో సీడీకి తేడా కనబడదు. అంతకన్నా ప్రమాదం తర్వాత వస్తుంది. రెండు రోజులకు ఒక పాడ్ (క్లస్టర్‌లో నడిచే యాప్ కాపీ) ఏదో కారణాన రీస్టార్ట్ అవుతుంది. లేటెస్ట్ ట్యాగుకు కుబర్నెటిస్ ప్రతిసారీ రిజిస్ట్రీని అడుగుతుంది గనుక, ఆ పాడ్ కొత్త ఇమేజ్ తెచ్చుకుంటుంది. మిగతా పాడ్‌లు పాతదాంట్లోనే ఉంటాయి. ఒకే యాప్ ఒక కస్టమర్‌కు ఒకలా, ఇంకొకరికి ఇంకోలా కనబడుతుంటే కారణం వెతకడానికి రాత్రంతా పడుతుంది. ప్రతి ఇమేజ్‌కూ గిట్ కమిట్ నంబరునే ట్యాగుగా ఇవ్వండి. ఇంకా గట్టిగా ఉండాలంటే యామల్‌లో ఆ ఇమేజ్ షా256 డైజెస్ట్ రాయండి. ఒకసారి పెట్టిన ట్యాగును మళ్లీ వాడకుండా రిజిస్ట్రీలోనే కట్టడి చేసే వీలు అమెజాన్ ఈసీఆర్ లాంటివాటిలో ఉంది, దాన్ని ఆన్ చేయించండి.

యామల్‌లో ట్యాగు ఎవరు మార్చాలి? సీఐ మార్చవచ్చు, లేదా రిజిస్ట్రీని గమనిస్తూ ఉండే ఆర్గో సీడీ ఇమేజ్ అప్‌డేటర్ మార్చవచ్చు. రెండోది పెడితే మార్పును గిట్‌లోకే రాసేలా పెట్టండి. లేకపోతే నడుస్తున్నది ఒకటి, గిట్‌లో ఉన్నది ఇంకొకటి అవుతుంది, ఈ పద్ధతి పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. టెస్టింగ్ క్లస్టర్‌కు ఆటోమేటిక్‌గా పోనివ్వండి. ప్రొడక్షన్‌కు మాత్రం పుల్ రిక్వెస్ట్ పెట్టి ఇంకో మనిషి చూసి ఒప్పుకోవాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

పాడ్ ఇమేజ్‌ను తెచ్చుకోలేక ‘ఇమేజ్ పుల్ బ్యాక్ ఆఫ్’ అని కనబడితే కంగారుపడకుండా ఆ పాడ్‌ను డిస్క్రైబ్ చేసి, అడుగున ఉన్న ఈవెంట్స్ చదవండి. పేరులోనో ట్యాగులోనో అక్షరదోషం ఉండొచ్చు. ఆ నేమ్‌స్పేస్‌లో రిజిస్ట్రీ సీక్రెట్ లేకపోవచ్చు, ఒక నేమ్‌స్పేస్‌లో పెట్టింది ఇంకోదానికి పనికిరాదు. ఈసీఆర్ టోకెన్ గడువు 12 గంటలే, నిన్న పనిచేసినది ఇవాళ పనిచేయకపోవడానికి అదొక కారణం. డాకర్ హబ్ కూడా 2020 నవంబరు నుంచి ఉచిత డౌన్‌లోడ్లకు పరిమితి పెట్టింది.

రిలీజ్ బెడిసికొడితే క్లస్టర్‌లోకి దూరి చేత్తో మార్చకండి. చేత్తో చేసిన మార్పులను గిట్‌లో ఉన్నట్టు వెనక్కి తిప్పే సెల్ఫ్ హీల్ ఆన్‌లో ఉంటే మీ మార్పు నిలవదు. ఆటో సింక్ ఉన్నప్పుడు ఆర్గో సీడీ తెర మీది రోల్‌బ్యాక్ కూడా పనిచేయదు. గిట్‌లో ఆ కమిట్‌ను రివర్ట్ చేయడమే దారి. ఒక్క హెచ్చరిక: రివర్ట్ చేస్తే కోడు వెనక్కి వస్తుంది, డేటాబేస్ రాదు. పాత వెర్షన్‌కు కావాల్సిన కాలమ్‌ను కొత్తది తీసేసి ఉంటే పాత వెర్షన్ సరిగా పనిచేయదు. అందుకే కాలమ్ తీసేసే మార్పును ఎప్పుడూ తర్వాతి రిలీజ్‌కు వాయిదా వేయండి. పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టు గిట్‌లో పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదు, వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టే సీల్డ్ సీక్రెట్స్ లాంటివి అందుకే ఉన్నాయి.

ఇదంతా నేర్చుకోవడానికి హైదరాబాద్ పోయి కోచింగ్ కోసం అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకోనక్కర్లేదు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో లినక్స్, కే3ఎస్ (తేలికైన కుబర్నెటిస్), ఆర్గో సీడీ నడుస్తాయి. గిట్‌హబ్‌లో ఉచితంగా ఇమేజ్‌లు బిల్డ్ చేసుకోవచ్చు. ఒక చిన్న యాప్ తీసుకొని కావాలనే చెడగొట్టి, రివర్ట్ చేసి, ఆ చరిత్రంతా రిపోలో అలాగే ఉంచండి. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాసుకోవడం కన్నా ఆ రిపో లింకు ఇంటర్వ్యూలో ఎక్కువ నిలబడుతుంది, ఎందుకంటే దాని మీద ఎవరు ఏమడిగినా మీ దగ్గర జవాబుంటుంది. కుబర్నెటిస్ సర్టిఫికెట్ కావాలనుకుంటే సీకేఏ రాయండి. అది రెండు గంటల పాటు టెర్మినల్‌లో చేసి చూపించే పరీక్ష. ఆన్‌లైన్‌లో రాయాలి కాబట్టి ఆ రోజుకు హన్మకొండలోనైనా నమ్మకమైన నెట్ ఉన్న ఖాళీ గది చూసుకోండి.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. ప్రొడక్షన్ క్లస్టర్‌లో మార్పులు చేసే యాక్సెస్ నాకు తీసేయండి, చూసే యాక్సెస్ ఉంచండి, రిపోలో పుల్ రిక్వెస్ట్ పెట్టే హక్కు ఇవ్వండి అని మీ లీడ్‌ను మీరే అడగండి. అత్యవసరానికి ఇద్దరు సీనియర్ల దగ్గర పూర్తి యాక్సెస్ ఉంటే సరిపోతుంది.