'కూడదు' అన్నదెవరు?
(ఇంగ్లీషులో నిషేధాన్ని తెలిపే విశేషణాలు – వాటి వాడుక)

కొన్నేళ్ల క్రితం మాట. మా తరగతిలో తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఉండేవాడు. చురుకైనవాడే. ఒకరోజు నోటీసు బోర్డులో స్కాలర్‌షిప్ ప్రకటన పెట్టారు. అందులో 'రిస్ట్రిక్టెడ్ టు రూరల్ కాండిడేట్స్' అని ఉంది. 'రిస్ట్రిక్టెడ్' అంటే 'నిషేధింపబడిన' అని అతను ఎప్పుడో నోట్సులో వ్రాసుకున్నాడు. పల్లెటూరి వాళ్లకు లేదు కాబోలు అనుకొని ఊరుకున్నాడు. గడువు దాటాక తెలిసింది, అది పల్లెటూరి వాళ్లకు మాత్రమేనని! ఒక్క మాట దగ్గర పొరబడితే ఏడాది ఫీజు డబ్బు చేజారింది.

తప్పు అతనిదొక్కడిదే కాదు. ఫర్బిడెన్, ప్రొహిబిటెడ్, బాన్డ్, టాబూ, రిస్ట్రిక్టెడ్ – అన్నిటికీ 'నిషిద్ధం' అని ఒకే అర్థం చెప్పి వదిలేసే మా ఉపాధ్యాయులదీ కొంత ఉంది. పర్యాయపదాలంటే ఒకదాని బదులు మరొకటి వేసుకోదగినవని కాదు. ఈ మాటల్లో ఏది కనబడినా రెండు ప్రశ్నలు వేసుకోండి: వద్దన్నదెవరు? ఎంతవరకు వద్దన్నారు?

1. ఫర్బిడెన్: మన మీద అధికారం గలవారు, అంటే తండ్రి, గురువు, మతం, రాజు, 'వద్దు' అన్నది. పెకింగులోని 'ఫర్బిడెన్ సిటీ' చక్రవర్తి అనుమతి లేనిదే సామాన్యుడు అడుగుపెట్టరాని కోట. 1925లో మ్యూజియం అయినా పాత పేరు పోలేదు. మన రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యత ఆచరణకు వాడింది ఈ మాటనే. ధర్మం చెప్పినట్లుండే బరువు దీనికుంది గనుక అక్కడ బాగా అమరిందని నా అభిప్రాయం. 'ఫర్బిడ్' తర్వాత 'టు' వస్తుంది: 'హి ఫర్బేడ్ మి టు గో'.

2. ప్రొహిబిటెడ్: చట్టమో, లిఖితమైన నియమమో కాదన్నది. బోర్డుల మీద కనిపించేది ఎక్కువగా ఇదే. మనుషుల క్రయవిక్రయాలనూ వెట్టిచాకిరీనీ రాజ్యాంగం 23వ అధికరణంలో ఈ మాటతోనే నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చి 1997లో సడలిన మద్యనిషేధాన్ని 'ప్రొహిబిషన్' అనడం కూడా చట్టం ద్వారా వచ్చింది గనుకనే. దీని తర్వాత 'ఫ్రమ్' రావాలి: 'ప్రొహిబిటెడ్ ఫ్రమ్ ఎంటరింగ్'. 'ప్రొహిబిటెడ్ టు ఎంటర్' అని మనవాళ్లు తరచుగా వ్రాస్తారు, అది తప్పు.

3. బాన్డ్: అప్పటిదాకా చెలామణిలో ఉన్నదాన్ని, లేదా రాబోతున్నదాన్ని, ఉత్తర్వుతో ఆపినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' నవల అచ్చయి జనంలోకి వెళ్లాకనే నాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కనుక అది 'బాన్డ్ బుక్'. నామవాచకంగా వాడినప్పుడు 'బాన్ ఆన్' అనాలి.

4. టాబూ: దీనికి చట్టమూ లేదు, బోర్డూ లేదు, వద్దన్నది సంఘం. 1777లో కెప్టెన్ కుక్ టోంగా దీవుల్లో విని ఇంగ్లీషులోకి తెచ్చిన మాట ఇది. అక్కడ దానికి 'పవిత్రం', 'ముట్టరానిది' అనే రెండర్థాలూ ఉన్నాయి. మనకిది వింత కాదు. మడి కట్టుకున్నవారినీ ముట్టుకోకూడదు, మైలలో ఉన్నవారినీ ముట్టుకోకూడదు గదా!

5. అవుట్ ఆఫ్ బౌండ్స్: ముఖ్యంగా స్థలాలకు. బ్రిటిష్ బడుల్లో, సైనిక శిబిరాల్లో వాడుక. అమెరికన్లు 'ఆఫ్ లిమిట్స్' అంటారు. 'ది టెరేస్ ఈజ్ అవుట్ ఆఫ్ బౌండ్స్' అన్నట్లు సాధారణంగా క్రియ తర్వాత వస్తుంది.

6. రిస్ట్రిక్టెడ్: అసలు చిక్కు ఇక్కడే. ఇది 'లేదు' అనదు, 'ఇంతవరకే' అంటుంది. రాజ్యాంగం 19వ అధికరణం వాక్ స్వాతంత్ర్యం ఇచ్చి, దానికి సహేతుకమైన 'రిస్ట్రిక్షన్స్' పెట్టవచ్చునంది. అంటే స్వాతంత్ర్యం ఉంది, దానికి హద్దు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో 'రిస్ట్రిక్టెడ్ హాలిడే' అంటే సెలవు లేదని కాదు. జాబితాలోంచి ఎంచుకొని కొద్దిరోజులు మాత్రమే తీసుకోదగిన సెలవు. ఇక 'రిస్ట్రిక్టెడ్ టు' అన్నప్పుడు 'టు' తర్వాత ఎవరి పేరుంటే వారు గేటు లోపలివారు. బయట ఉన్నది మిగతావారు. మన విద్యార్థి చూడకుండా వదిలేసింది ఆ చిన్న 'టు'నే.

అభ్యాసం: ఈ సందర్భాలకు ఏ మాట తగును?
(అ) పరీక్ష హాలులోకి సెల్‌ఫోను తేరాదన్న నియమం.
(ఆ) హాస్టలు విద్యార్థులకే పరిమితమైన పఠనాలయం.
(ఇ) ప్రభుత్వ ఉత్తర్వుతో ఆగిపోయిన పత్రిక.
(ఈ) పెద్దల ముందు ఎత్తకూడదని ఊరంతా అనుకునే విషయం.

జవాబులు: (అ) ప్రొహిబిటెడ్ (ఆ) రిస్ట్రిక్టెడ్ టు (ఇ) బాన్డ్ (ఈ) టాబూ.

చివరగా ఒక్క మాట. నోటీసు అర్థం కాకపోతే సిగ్గుపడకుండా ఎవరినైనా అడగండి. అడగడం మాత్రం ఏ కాలేజీలోనూ ప్రొహిబిటెడ్ కాదు.