గ్రాఫ్ లేస్తే పక్షులు పెరిగినట్టేనా?

డేటా మైనింగ్ మినీ ప్రాజెక్టుకి మా క్లాసులో అందరూ క్రికెట్ స్కోర్లు, ఇళ్ల ధరలు తీసుకున్నారు. మనం కాస్త వెరైటీగా ఉందామని నేను పక్షుల డేటా తీసుకున్నా. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, గ్రేట్ గ్రే ఔల్ అనే పెద్ద గుడ్లగూబ. గ్రాఫ్ గీస్తే 2004-05 చలికాలం దగ్గర ఒక్కసారిగా కొండలా లేచింది. "ఆ ఏడాది ఈ గుడ్లగూబలు బాగా పెరిగాయి" అని స్లైడ్‌లో రాసి ధైర్యంగా చదివేశా. "ఎక్కడ పెరిగాయి?" అని మేడమ్ ఒక్క ప్రశ్న అడిగారు. నోరు పెగల్లేదు. తర్వాత కూర్చుని వెతికితే తెలిసిన సంగతులే ఇవి.

ముందు ఆ చోటు గురించి. మిన్నెసోటా ఈశాన్యంలో, సుపీరియర్ సరస్సు పడమటి కొసన, డులూత్ అనే ఊరుంది. సరస్సు అనగానే మన ఊరి చెరువు ఊహించుకోకండి. దాని విస్తీర్ణం దాదాపు 82,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో ఇంచుమించు ముప్పావు వంతు! ఆకురాలే కాలంలో కెనడా నుంచి దక్షిణానికి బయల్దేరిన డేగలకు ఇది దారికి అడ్డం. మధ్యాహ్నం మన కాలేజీ గ్రౌండ్ మీద గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి కదా, చూసే ఉంటారు. వేడెక్కిన నేల మీద గాలి పైకి లేస్తుంది, అవి లిఫ్ట్ ఎక్కినట్టు దాన్ని ఎక్కుతాయి. చల్లటి నీటి మీద ఆ లిఫ్ట్ దొరకదు. అందుకే డేగలు సరస్సు దాటకుండా ఒడ్డు పట్టుకుని నైరుతికి వస్తాయి. గరాటులో పోసినట్టు డులూత్ దగ్గర కలుస్తాయి. అక్కడ హాక్ రిడ్జ్ అనే గుట్ట మీద 1972 నుంచి వీటిని లెక్కపెడుతున్నారు. 2003 సెప్టెంబర్‌లో ఒకే రోజు లక్షకు పైగా వెళ్లాయి. చాలావరకు బ్రాడ్-వింగ్డ్ హాక్ అనే డేగలు, మధ్య, దక్షిణ అమెరికాలకు పోయేవి.

అంటే డేగలది టైమ్‌టేబుల్ ప్రయాణం. గుడ్లగూబది అలా కాదు.

గ్రేట్ గ్రే ఔల్ కెనడా అడవుల్లో ఉండేది. ముఖ్యమైన తిండి వోల్ అనే ఎలుకలాంటి జంతువు. మంచు కింద కదిలే వోల్‌ని కూడా చప్పుడు విని పట్టేస్తుంది. వోల్స్ సంఖ్య కొన్నేళ్లకోసారి బాగా పెరిగి, తర్వాత పడిపోతుంది. పడిపోయిన ఏడాది గుడ్లగూబలు తిండి కోసం దక్షిణానికి దిగుతాయి. దీన్ని ఇరప్షన్ అంటారు. 2004-05లో జరిగింది అదే. మిన్నెసోటాలో 5,000కు పైగా కనిపించాయి, రోడ్ల పక్కన, కంచె గుంజల మీద, పట్టపగలు. చాలా పక్షులు బండ్లు తగిలి చచ్చిపోయాయి కూడా.

నేను "పెరిగాయి" అని రాసింది ఆకలితో ఇల్లు వదిలి వచ్చిన పక్షుల్ని చూసి. వరదొచ్చి జనం స్కూల్ బిల్డింగ్‌లో తలదాచుకుంటే, అడ్మిషన్లు పెరిగాయని చెప్పినట్టు.

ఇంకో తప్పు కూడా చేశా, ఇది మన బ్రాంచ్ వాళ్లకి బాగా అర్థమవుతుంది. గుడ్లగూబలు రోడ్డు పక్కకి వస్తే వాటిని చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తారు. చూసే కళ్లు పెరిగితే రికార్డులు కూడా పెరుగుతాయి. ఎవరూ వెళ్లని అడవిలో రికార్డు లేదంటే పక్షి లేదని కాదు. అది నల్, జీరో కాదు. నేను ఫిల్‌ఎన్‌ఏ కొట్టి అన్నీ జీరో చేసేశా! ఈబర్డ్‌లో లిస్టు పెట్టేటప్పుడు "గుర్తించిన పక్షులన్నీ రాశారా?" అని అడిగేది ఇందుకే. అవునంటేనే, ఆ లిస్టులో లేని పక్షిని జీరోగా తీసుకోవచ్చు. ఎంతసేపు చూశారో కూడా ఉంటుంది, ఆ గంటలతో భాగిస్తే పోలిక కొంచెం న్యాయంగా ఉంటుంది.

చూడ్డానికి వచ్చేవాళ్లలో కొందరు ఫోటో కోసం పెంపుడు జంతువుల షాపులో ఎలుకలు కొని రోడ్డు పక్కన వదులుతారట. ఆకలి మీదున్న పక్షి అక్కడే తిరగడం అలవాటు చేసుకుంటుంది, బండి కింద పడుతుంది. అందుకే కొన్ని ప్రాంతాల్లో కొన్ని జాతుల సరైన లొకేషన్‌ని ఈబర్డ్ బయటికి చూపించదు. ఆ ఖాళీలు చూసి డేటా బాలేదని నేను ఫ్రెండ్స్ దగ్గర విసుక్కున్నా.

ప్రాజెక్టు మళ్లీ సబ్మిట్ చేశా. గ్రాఫ్ మార్చలేదు, కొండ అలాగే ఉంది. దాని కింద మాత్రం "ఉత్తరాన తిండి కరువు" అని రాశా.